చేత్తో విత్తిన బొమ్మ

చిన్నోనికీ బుజ్జికీ తాత దీవెనలు.

మొన్న ఫోన్ల బుజ్జి అడిగింది గదా, "చేను వేస్తే అది బొమ్మ ఎట్లైతది తాతా, మా డ్రాయింగ్ టీచర్ అట్లనే అంటున్నది" అని. ఫోన్ల తేలే ముచ్చట కాదది, అందుకే రాస్తున్న.

1982ల ఆగ్నెస్ డెనెస్ అనే కళాకారిణి న్యూయార్క్ నగరంల, మన్‌హట్టన్ అంచుకు, రెండెకరాల గోధుమ వేసింది. బ్యాంకులోళ్ల వాల్ స్ట్రీట్ అక్కడికి కూతవేటు దూరమే. అది సాగు భూమి కాదు, మట్టి పోసి పూడ్చిన జాగ. రాళ్లూ చెత్తా ఏరి, 200 లారీల మట్టి తోలించి, 285 సాళ్లు చేత్తోనే తీసి, గింజలు చేత్తోనే వేసిన్రు. కలుపు తీసిన్రు, నీళ్లు పెట్టిన్రు, తెగులుకు మందు కొట్టిన్రు. మే నెలల విత్తితే ఆగస్టుల కోత. చెలకల రాళ్లు ఏరి ఏరి నా వేళ్లు ఎట్లైనయో మీరు చూసిన్రు, ఆ కష్టం నాకు సమజైతది.

పండింది వెయ్యి పౌండ్ల పైచిలుకు, అంటే సుమారు నాలుగున్నర క్వింటాళ్లు. రెండెకరాలకు అదొక దిగుబడా! మన ఊర్ల అయితే నవ్వుతరు. కానీ ఆమె లెక్క వేరే. ఆ జాగ ధర అప్పట్ల 450 కోట్ల డాలర్లు. ఫొటోలల్ల ముందర పండిన చేను, ఎనక ఆకాశమంత మేడలు, రెండూ ఒక్క చూపుల పడుతయి. బొమ్మంటే అదే బిడ్డా. వేరే బొమ్మలను గోడకు తగిలిస్తరు, దీన్ని కోసిన్రు. గడ్డి పోలీసు గుర్రాలకు వేసిన్రు.

ఈసారి బస్సుల వచ్చేటప్పుడు షాద్‌నగర్ దాటినంక కిటికీల నుంచి చూడున్రి. వెంచర్లు, హద్దురాళ్లు, వాటి నడుమ ఎవడో కంది వేసి ఉంటడు. నాకైతే అది ఆమె బొమ్మ లెక్కనే కనిపిస్తది. పాపం, ఆయనకు ఆ సంగతి తెల్వదు. ప్లాటు అమ్ముడుపోయేదాక ఖాళీగ ఎందుకని వేసుకున్నడు.

బుజ్జీ, పోయిన ఎండకాలం నువ్వు గీసిచ్చిన బొమ్మ గోడకే ఉన్నది. రెండు కొండలు, నడుమ సూర్యుడు, కింద పచ్చటి వరి. మంచిగున్నది. కాకపోతే మన పాలమూరు చెలక ఎర్రగుంటది గదా, నీ డబ్బల ఎర్ర పెన్సిల్ చెక్కు చెదరలే.

సంక్రాంతికి రాండ్రి. జొన్న కంకి మీదుంటది, పిట్టలు ఆగయి. చిన్నోనికి వడిసెల పేని పెడుత. బుజ్జి రంగుల డబ్బ తెచ్చుకోవాలె.

మీ తాత