ఉత్తపురం గోడ: కూల్చింది 15 అడుగులే

ఉత్తపురం పేరు మళ్లీ వినబడగానే చాలామంది అడిగేది ఒకటే. దళితుల వీధుల్ని మిగతా ఊరి నుంచి వేరు చేస్తూ కట్టిన ఆ గోడ 2008లోనే కూల్చేశారుగా, ఇంకా గొడవేంటి అని. కూల్చింది 15 అడుగుల ముక్క మాత్రమే.

తమిళనాడు మదురై జిల్లాలోని ఈ ఊరి పాత కక్షల జోలికి వెళ్లను, అవన్నీ ఇప్పటికే చాలామంది రాశారు. నా లెక్కలో అసలు మలుపు 2008 కాదు, 1989. ఆ ఏడాది కొట్లాటల తర్వాత రెండు వైపులవాళ్లూ ఒక కాగితం మీద సంతకాలు పెట్టారు, ఆ కాగితం అండతోనే గోడ లేచింది. గోడ కట్టిన సవర్ణ కులంవాళ్లు, అంటే పిళ్లైమార్లు, చూపించేది దాన్నే: మా పట్టా స్థలం, మా రక్షణకు కట్టుకున్నాం, వాళ్లూ ఒప్పుకున్నారు కదా అంటారు.

దళితులు చెప్పేది వేరు. కొట్లాటల భయం ఇంకా తీరకముందే బలవంతంగా పెట్టించుకున్న సంతకాలవి అంటారు. అందరూ నడిచే దారికి గోడ అడ్డం వచ్చింది. మెయిన్ రోడ్డుకు వెళ్లాలన్నా, బస్సెక్కాలన్నా చుట్టూ తిరిగి పోవాలి, అదీ ఒకరోజు రెండు రోజులు కాదు, దాదాపు ఇరవై ఏళ్లు. 2008లో గోడ మీది ఇనుప కడ్డీలకు కరెంటు పెట్టారన్న సంగతి బయటికొచ్చింది. దొంగల భయంతో ప్రహరీ మీద గాజు పెంకులు గుచ్చేవాళ్లని మనమూ చూశాం, కానీ పక్క వీధివాళ్ల మీదికి కరెంటు వదలడాన్ని రక్షణ అంటే నాకైతే మింగుడు పడదు.

మన ఊళ్లలో ఇలాంటి గోడల్లేవని సంబరపడక్కర్లేదు, ఊరికీ వాడకీ మధ్య ముందే దూరం పెట్టేశాం.

మే 6న పోలీసు బందోబస్తు మధ్య ఆ ముక్క పడగొట్టగానే వందలాది పిళ్లైమార్లు రేషన్ కార్డులు వెనక్కిచ్చేసి, ఊరొదిలి కొండ పక్కన కూర్చున్నారు. గోడ రక్షణకే అయితే ఒక సందు తెరిస్తే ఊరొదలాలా? 2011 నవంబర్‌లో దళితులు ముత్తాలమ్మన్ గుడిలో అడుగు పెట్టడానికీ మళ్లీ ఒప్పందమే కావాల్సి వచ్చింది. గోడలో తెరిచిన దారి సంగతైతే, మనుషులు నడిచినా సరే, బండ్లు మాత్రం రాకూడదని ఆ తర్వాత కూడా పేచీలు నడిచాయి.