రాగి వాషర్‌ని కాల్చి ఎందుకు వేస్తారు?

"ఆయిల్ మార్చిన ప్రతిసారీ డ్రెయిన్ బోల్టుకి కొత్త వాషర్ ఎందుకండీ? పాతదాన్నే తిరగేసి వేస్తే సరిపోదా?" అని ఒక పాఠకుడు అడిగారు. డ్రెయిన్ బోల్టంటే పాత ఆయిల్ వదలడానికి ఇంజన్ అడుగున విప్పే బోల్టు, వాషర్ దాని తల కింద వేసే రింగు. వాళ్ల ఊరి మెకానిక్ పాత రాగి వాషర్‌ని గ్యాస్ మంట మీద ఎర్రగా కాల్చి, నీళ్లలో ముంచి మళ్లీ బిగించాడట. అదేమన్నా మంత్రమా అని అనుమానం కూడా వెలిబుచ్చారు. మంత్రం కాదు, మంచి లోహశాస్త్రం. దండగ పని ఏదన్నా ఉంటే అది తిరగేయడమే.

ముందు ఒక అపోహ తీసేద్దాం. ఆయిల్ ఒత్తిడిని ఆపడానికే వాషర్ అనుకుంటారు చాలామంది. పంపు పుట్టించే ఒత్తిడి ఆయిల్ దారుల్లో ఉంటుంది, అడుగున ఉన్నది ఊరికే నిలిచిన నూనె. పది సెంటీమీటర్ల లోతు ఉందనుకున్నా, అది బోల్టు మీద చూపే ఒత్తిడి వాతావరణ పీడనంలో నూరో వంతు కూడా ఉండదు. మరి బోల్టునేమో 25 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల బిగించమంటారు. 12 మిల్లీమీటర్ల బోల్టుని అంత బిగిస్తే, మర (బోల్టు చుట్లు) మీద రాపిడి పోగా, వాషర్ మీద పడే నొక్కుడు దాదాపు ఒక టన్ను బరువంత. చిటికెడు నూనెని ఆపడానికి టన్ను బరువా!

అదురుకి బోల్టు ఊడకూడదు కదా, అది ఒక కారణం. అసలు కారణం వాషర్‌ని చితక్కొట్టడం. బోల్టు తల అడుగునా, క్రాంక్‌కేసు (అడుగున నూనె నిలిచే ఇంజన్ పెట్టె) ముఖం మీదా మిషన్ పనితనం వదిలిన సన్నటి గీతలుంటాయి, మైక్రాన్ల లోతున. నునుపుగా కనిపించే రెండు లోహపు ముఖాలు నిజానికి కొన్ని మిట్టల దగ్గరే తాకుతాయి. మిగతాదంతా సందు. సందులోంచి కారే నూనె సందు మందానికి ఘనంలో మారుతుంది. సందు సగమైతే కారేది ఎనిమిదో వంతు, పదో వంతైతే వెయ్యో వంతు. అందుకే కొంచెం మెత్తటి లోహం ఆ గీతల్లోకి ఒదిగితే చాలు, లీకు ఆగిపోతుంది. పొద్దున పొడిగా ఉన్న బోల్టు కింద బండి తిప్పి వచ్చాక చుక్క కనిపించడానికి కారణం కూడా ఉంది. మామూలు ఇంజన్ ఆయిల్ 40 డిగ్రీల నుంచి 100కి వెళ్లేసరికి ఆరేడు రెట్లు పలచబడుతుంది.

ఇక నాకిష్టమైన భాగం. లోపల 12, బయట 20 మిల్లీమీటర్ల వాషర్ మీద ఆ టన్ను బరువుని పంచితే సుమారు 50 మెగాపాస్కల్స్ ఒత్తిడి. కాల్చి మెత్తబరిచిన రాగి ఇంచుమించు ఆ ఒత్తిడికే లొంగుతుంది. లొంగే కొద్దీ గట్టిపడుతుంది. ఎందుకో చూడాలంటే పెళ్లింట పరిచే పెద్ద జంపఖానాని తలుచుకోండి. దాన్ని మొత్తం ఒక్కసారి జానెడు ముందుకి లాగాలంటే నలుగురు కావాలి. అదే ఒక చివర చిన్న మడత పెట్టి, ఆ మడతని అవతలి చివరికి తోసుకుంటూ పోతే పిల్లాడు కూడా జరుపుతాడు. లోహపు స్ఫటికంలో పరమాణువుల వరసలు కూడా ఒకదాని మీద ఒకటి అలాగే జారతాయి. ఆ మడతల్లాంటి లోపాలని డిస్‌లొకేషన్లు అంటారు. 1934లో టేలర్, ఒరొవాన్, పొలాన్యీ ఎవరికి వారే ఈ సంగతి చెప్పారు. అంతకుముందు లోహాలు లెక్కల్లో తేలినదానికన్నా వేల రెట్లు తేలిగ్గా ఎందుకు వంగుతాయో అంతుపట్టేది కాదు. అయితే జంపఖానాని అన్ని వైపుల నుంచీ తోస్తే? మడతలు ఒకదాన్నొకటి దాటలేక మధ్యలో చిక్కుపడి, ఎంత తోసినా కదలదు. వాషర్‌ని నొక్కినప్పుడు పాత మడతలు కదలడమే కాదు, కొత్తవి లక్షలుగా పుడతాయి, చిక్కుపడతాయి. రాగి గట్టిపడుతుంది.

ఇక్కడ మెలిక ఏమిటంటే, మొదటిసారి బిగించినప్పుడు వాషర్ ఆ భారాన్ని మోసేంత గట్టిపడి ఆగింది. రెండోసారి అదే బిగువుకి ఇక లొంగదు. పాత అచ్చు కొత్త గీతల మీద సరిగ్గా పడదు, తిరగేస్తే అసలే పడదు. రెండు వైపులా గట్టిపడే ఉంది మరి. లొంగదీయాలని ఇంకా బిగిస్తే, లొంగేది అల్యూమినియం క్రాంక్‌కేసులోని మర. అప్పుడు ఖర్చు వాషర్‌తో పోదు.

మంట చేసేది చిక్కు విప్పడం. ఎరుపు తిరిగే 600 డిగ్రీల దగ్గర చిక్కుపడ్డ స్ఫటికాల స్థానంలో కొత్తవి మొలుస్తాయి, జంపఖానా మళ్లీ సాఫీగా పరుచుకుంటుంది. బిందెలు చేసే కంచరులు కొట్టడం, కాల్చడం, మళ్లీ కొట్టడం ఇందుకే. నీళ్లలో ముంచితే రాగికి పదును వచ్చి గట్టిపడుతుందేమోనని భయపడేవాళ్లుంటారు. ఆ పదును ఉక్కుకి. రాగికి ముంచినా, ఆరనిచ్చినా ఒకటే, కాకపోతే ముంచితే నల్లటి పొర రాలిపోతుంది.  ఆరాక వాషర్‌ని సిమెంటు గచ్చు మీద వేసి వినండి. గట్టిది ఖంగుమంటుంది, మెత్తబడింది తప్‌మంటుంది.

ఈ వైద్యం బల్లపరుపు రాగి వాషర్‌కే. చాలా బండ్లకి వచ్చే అల్యూమినియం వాషర్ 660 డిగ్రీలకి కరిగిపోతుంది, పైగా ముందుగా రంగు మారి హెచ్చరించదు. కొత్తది కొనడమే మేలు. రేకుని మడిచి చేసిన బోలు వాషర్ ఒకసారి నలిగితే దాని పని అయిపోయినట్టే. ఉక్కు రింగు లోపల రబ్బరు అతికించినదాన్ని మంట దగ్గరికే తీసుకెళ్లకూడదు. మరకి తెల్ల టేపు చుట్టడం మరో అలవాటు. ఈ మర నీళ్ల పైపు మరలాగా కోసుగా ఉండదు, అక్కడ సీలు పడదు. టేపు ముక్కలు మాత్రం తెగి లోపల ఆయిల్‌ని వడకట్టే జాలీకి అంటుకోవచ్చు.

కొనేటప్పుడు లోపలి కొలత బోల్టుకి సరిపోవాలి, వదులైతే పక్కకి జరిగి ఒక అంచే కూర్చుంటుంది. వేసేముందు క్రాంక్‌కేసు ముఖాన్ని గుడ్డతో తుడిచి గోటితో గీకి చూడండి. పాత వాషర్ ఒక్కోసారి అక్కడే అతుక్కుని, ముఖంలో భాగమే అన్నట్టు కనిపిస్తుంది. చూసుకోకుండా దాని మీదే ఇంకోటి వేస్తే గట్టిపడ్డ రాగి, గీతలు పడ్డ ముఖం రెండూ అలాగే మిగులుతాయి. చుక్క అక్కడి నుంచే పడుతుంది.