"బాబు ఎవరికొస్తాడు?": కస్టడీ కేసుల్లో రోజూ వినే అపోహలు

ఫ్యామిలీ కోర్టులో కస్టడీ కేసులు, అంటే భార్యాభర్తలు విడిపోతే బిడ్డ ఎవరి దగ్గరుండాలో తేల్చే కేసులు చూసే లాయర్‌ని. వచ్చినవాళ్లు కుర్చీలో కూర్చోకముందే అడిగే మాట ఒకటే, "మేడమ్, బాబు ఎవరికొస్తాడు?" పొలంలో వాటా అడిగినట్టు.

అపోహ: ఐదేళ్లు నిండేదాకా తల్లికి, ఆ తర్వాత తండ్రికి.

ఊళ్లో పెద్దమనుషులు కూడా ఖాయంగా చెప్పేస్తారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం ఆరో సెక్షన్‌లో తండ్రి సహజ సంరక్షకుడు, ఆయన "తర్వాత" తల్లి అని ఉంది, ఐదేళ్లలోపు బిడ్డ సాధారణంగా తల్లి దగ్గరుండాలనీ ఉంది. జనం అక్కడిదాకా చదివి ఆగిపోతారు. పదమూడో సెక్షన్ ప్రకారం అన్నిటికన్నా ముఖ్యం బిడ్డ సంక్షేమం, కాబట్టి ఐదో పుట్టినరోజు కేకు కోసిన మర్నాడు తండ్రి వచ్చి తీసుకుపోయే ఏర్పాటేమీ లేదు. "తర్వాత" అంటే తండ్రి చనిపోయాకే అని కాదు, ఆయన బిడ్డను పట్టించుకోకపోయినా తల్లే సంరక్షకురాలని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టంలో ఆ మాట మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది, నాకు చిరాకు అక్కడే.

అపోహ: బిడ్డ ఎవరి పేరు చెబితే వాళ్లకే.

తెలిసి చెప్పగల వయసుంటే జడ్జి బిడ్డ ఇష్టం కూడా చూడొచ్చని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టంలో ఉంది. అదొక్కటే చూడరు, ఇన్నేళ్లుండాలన్న లెక్కా లేదు. (ఆటోలో వస్తూ "నాన్న కొడతాడని చెప్పు" అని నేర్పే అమ్మమ్మలూ, ముందురోజు ట్యాబ్ కొనిచ్చే నాన్నలూ ఉంటారు, జడ్జి ఛాంబర్‌లో నాలుగు ప్రశ్నలకే ఆ పాఠం బయటపడుతుంది.)

అపోహ: బిడ్డను చూడనివ్వట్లేదు కాబట్టి డబ్బు ఆపేస్తా.

ఆపలేరు. అది బిడ్డ తిండి, స్కూలు ఫీజు. బిడ్డను కలిసే హక్కు కోరుతూ విజిటేషన్ పిటిషన్ వేయండి. డబ్బు రాలేదని బిడ్డను దాచడమూ కుదరదు.

అపోహ: అమెరికా నుంచి పిల్లలతో వచ్చేస్తే ఇక అంతే.

ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తీసుకుపోయిన పిల్లల్ని వెనక్కి పంపాలనే హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు, నిజమే. కానీ పెన్సిల్వేనియా నుంచి వచ్చి హైదరాబాద్‌లో కస్టడీ కోరిన ఒక కేసులో, పిల్లల మామూలు నివాసం అమెరికానే అని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక జాయింట్ కస్టడీ, అంటే తల్లీ తండ్రీ ఇద్దరూ బిడ్డను పంచుకుని చూసుకోవడం. దాన్ని చట్టంలో పెట్టమని లా కమిషన్ 2015లోనే సిఫార్సు చేసింది, ఇంకా పెట్టలేదు. అయినా ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటే కోర్టు ఆర్డరు ఇస్తుంది. దసరా ఎవరి దగ్గర, సంక్రాంతి ఎవరి దగ్గర అన్నది తేదీలతో సహా రాయించండి, నాకొచ్చే ఫోన్లలో సగం పండగ ముందురోజు రాత్రివే.