ప్రకటనే ప్రశ్నపత్రం: ఉద్యోగాలకు దరఖాస్తు పెడుతున్న పిల్లలకు ఉత్తరం

చిరంజీవులకు ఆశీస్సులు.

చదువులు ముగించి ఉద్యోగాల ప్రయత్నంలో పడ్డారు కదా. రెజ్యూమె మీద వారాల తరబడి కూర్చుంటారు, అక్షరాల సైజు దగ్గర నుంచి ఫొటో దాకా పదిసార్లు మారుస్తారు. దానితోపాటు వెళ్లాల్సిన ఉత్తరాన్ని మాత్రం ఆఖరి పది నిమిషాల్లో, ఎక్కడో దొరికిన నమూనాలో పేర్లు మార్చి పంపించేస్తారు. ఆ ఉత్తరం గురించే ఇవాళ మీకు వివరంగా రాస్తున్నాను.

రెజ్యూమె అంటే మీరు ఇంతవరకూ ఏమేం చేశారో చెప్పే పట్టిక. ఎవరికి పంపినా అది ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఉత్తరం పని వేరు. మీరు చేసినవాటిలో ఏది ఈ సంస్థకు, ఈ పనికి అక్కరకొస్తుందో ఏరి చూపించాలి. కాబట్టి దాన్ని రాయడం కాగితం మీద కలం పెట్టినప్పుడు మొదలవదు, ఉద్యోగ ప్రకటన చదివేటప్పుడే మొదలవుతుంది. పరీక్షలో ప్రశ్న చదవకుండా జవాబు రాయరు కదా. ప్రకటన కూడా అలాంటి ప్రశ్నపత్రమే.

ఒక ప్రకటన ఇలా ఉందనుకోండి: ‘స్టోర్స్ అసిస్టెంట్ కావాలి. సరుకు రాకపోకలు నమోదు చేయాలి. ఎక్సెల్ తప్పనిసరి. సరఫరాదారులతో ఫోన్‌లో మాట్లాడి ఆలస్యమైన సరుకును రప్పించగలగాలి. నెలాఖరున స్టాకు లెక్క సరిచూడాలి. షిఫ్టుల్లో పనిచేయాలి.’

దీన్ని పెన్సిల్ పట్టుకుని చదవండి. సాధారణంగా మొదట రాసినవి రోజూ చేయాల్సిన పనులు. ‘తప్పనిసరి’ అన్నది లేకపోతే దరఖాస్తు పక్కకు వెళ్లిపోతుంది. ‘ఉంటే మంచిది’ అన్నది లేకపోయినా ఫరవాలేదు. అంతకంటే ముఖ్యమైనది, ప్రకటనలో పైకి చెప్పని ఇబ్బంది ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. ‘ఆలస్యమైన సరుకును రప్పించగలగాలి’ అని పనిగట్టుకుని రాశారంటే అక్కడ సరుకు వేళకు రావడం లేదేమో. ‘లెక్క సరిచూడాలి’ అన్నారంటే పుస్తకంలో లెక్కకూ అరల్లో ఉన్న సరుకుకూ పొంతన కుదరడం లేదేమో. మీ ఉత్తరం చదివే మనిషికి ఆ తలనొప్పి రోజూ ఉంటుంది. అది తగ్గించగల మనిషి కోసమే వెతుకుతుంటారు.

తరవాత ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమవైపు వాళ్లు అడిగినవి రాయండి. కుడివైపు ఒక్కోదానికీ మీ రుజువు రాయండి: ఎక్కడ చేశారు, ఎంత చేశారు, చేశాక ఏం మారింది. ఉద్యోగమే కానక్కర్లేదు. కాలేజీలో చేసిన ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, సెలవుల్లో చేసిన పని, ఇంట్లో వాళ్ల వ్యాపారంలో చూసుకున్న లెక్కలు, అన్నీ పనికొస్తాయి. కుడివైపు ఖాళీగా మిగిలిన అంశం గురించి ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా రాయొద్దు. నిండినవాటిలో బలమైన రెండు ఎంచుకోండి, మరీ అయితే మూడు. ఆరేడు చెబితే చదివేవారికి ఒక్కటీ గుర్తుండదు.

ఇప్పుడు అసలు పేరా రాయాలి. ఎక్కువమంది ఇలా రాస్తారు:

‘నేను కష్టపడి పనిచేసే స్వభావం గలవాడిని. అందరితో కలిసిమెలిసి పనిచేయగలను. కొత్త విషయాలు త్వరగా నేర్చుకుంటాను. నాకు ఎక్సెల్ బాగా వచ్చు.’

ఇందులో అబద్ధం ఏమీ లేకపోవచ్చు. కానీ కట్టలో ఉన్న దరఖాస్తులన్నీ ఇదే మాట చెబుతుంటే మిమ్మల్ని ఏ ఆధారంతో ఎంచుకుంటారు? అదే మనిషి ఇలా రాశాడనుకోండి:

‘గత సంవత్సరం మా కాలేజీ ల్యాబులో సామాను జాబితా తయారుచేసే పని 6 వారాలు చేశాను. 840 వస్తువులను ఎక్సెల్‌లో నమోదు చేసి, అలమారాల్లో ఉన్నవాటితో సరిచూశాను. 57 వస్తువుల లెక్క కలవలేదు. వాటిలో 49 వేరే గదికి ఇచ్చి పుస్తకంలో రాయనివని తేలింది. ఆ తరవాత, వస్తువు గది దాటితే సంతకం తీసుకునే రిజిస్టరు పెట్టాం.’

కష్టపడతానని ఇందులో ఎక్కడా చెప్పలేదు, అయినా తెలిసిపోతోంది. ‘సరిచూడాలి’ అని ప్రకటన వాడిన మాటనే జవాబులోనూ వాడాడు. అంకెలు ఉన్నాయి కాబట్టి పని ఎంత పెద్దదో కళ్లకు కడుతోంది. చివరి వాక్యంలో ‘పెట్టాం’ అన్నాడు, ‘పెట్టాను’ అనలేదు. అది నలుగురూ కలిసి చేసిన పని. అంతకుముందు ‘సరిచూశాను’ అన్నాడు, అది తను ఒక్కడూ చేసింది. ఈ తేడా పాటించినవాళ్ల మాట నమ్మబుద్ధేస్తుంది.

మన క్రియల్లో ఇంకో చిక్కు ఉంది. ‘నమోదు చేయబడింది’, ‘నిర్వహించడం జరిగింది’ అని రాస్తే ఆ పని ఎవరు చేశారో తెలియదు. ‘పాలుపంచుకున్నాను’ అంటే కుర్చీలు సర్దారో, కార్యక్రమం మొత్తం నడిపారో తెలియదు. రాశాను, లెక్కపెట్టాను, అమ్మాను, బాగుచేశాను, నేర్పాను వంటి సూటి మాటలు వాడండి. కచ్చితమైన అంకె లేకపోతే కల్పించకండి. ‘రెండు సెమిస్టర్లు’, ‘నేనొక్కదాన్నే’, ‘ప్రతి శనివారం’ అన్నా పరిమాణం తెలుస్తుంది. రాసిన ప్రతి అంకె గురించీ ఇంటర్వ్యూలో అడుగుతారు.

అవతలివారి అవసరం చూసి రాయడం కొత్త విద్యేమీ కాదు. 1482 ప్రాంతంలో లియోనార్డో డావిన్చీ మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు కొలువు కోసం రాసిన ఉత్తరం చిత్తుప్రతి ఇప్పటికీ ఉంది. అప్పటికి ఆయనకు 30 ఏళ్లు, చిత్రకారుడిగా పేరుంది. అయినా ఉత్తరం చిత్రాలతో మొదలవదు. తేలికగా మోసుకుపోయే వంతెనలు, కోట చుట్టూ ఉన్న కందకంలో నీళ్లు తోడే పద్ధతి, ఫిరంగులు, సొరంగాలు, కప్పు ఉన్న యుద్ధ శకటాలు, ఇలా వరుసగా అంకెలు వేసి తను ఏమేం చేయగలడో చెబుతాడు. ఎందుకంటే ఆ పాలకుడికి యుద్ధాల భయం ఉంది. శాంతికాలంలో భవనాలు, నీటి కాలువలు కట్టగలనని ఆ తరవాత చెబుతాడు. శిల్పం, చిత్రకళ ఆఖరున వస్తాయి. అక్కడ కూడా స్ఫోర్జా తన తండ్రి జ్ఞాపకార్థం చేయించాలనుకుంటున్న కంచు గుర్రాన్ని ప్రస్తావించాడు. వీటిలో ఏదైనా అసాధ్యమనిపిస్తే మీరు చెప్పిన చోట చేసి చూపిస్తానని ముగించాడు. తనకు ఇష్టమైనదాన్ని వెనక్కి జరిపి, చదివేవారికి కావలసినదాన్ని ముందుకు తెచ్చాడు. మీరు చేయాల్సిందీ అదే.

ఇక ఉత్తరం మొదలు. ‘మీ ప్రకటన చూసి ఎంతో సంతోషించాను’ అని మొదలుపెడితే ఒక వాక్యం వృథా. ఏ ఉద్యోగం, రిఫరెన్స్ నంబరు ఉంటే అది, ప్రకటన ఎక్కడ ఎప్పుడు చూశారు, ఇవన్నీ ఒక వాక్యంలో పట్టేస్తాయి. రెండో వాక్యంలోనే మీ బలమైన రుజువు పెట్టండి: ‘840 వస్తువుల స్టాకును ఎక్సెల్‌లోకి ఎక్కించి లెక్క సరిచూసిన అనుభవం ఉంది.’ చాలామంది మొదటి పేరా చూసి మిగతాది చదవాలో వద్దో తేల్చుకుంటారు. మంచి సంగతిని ఆఖరికి దాచుకోకండి.

ఈ సంస్థే ఎందుకు అనేదానికి రెండు వాక్యాలు చాలు. ‘పేరుప్రఖ్యాతులు గల మీ సంస్థలో’ అని రాశాక, అక్కడ ఇంకో సంస్థ పేరు పెట్టి చదవండి. వాక్యం అలాగే నిలబడితే దాన్ని కొట్టేయండి. వాళ్లు ఏం తయారుచేస్తారు, ఎవరికి అమ్ముతారు, ఈ మధ్య ఏం మొదలుపెట్టారు అనేవి వాళ్ల వెబ్‌సైటులో 20 నిమిషాలు చదివితే దొరుకుతాయి. అందులో మీ పనికి సంబంధం ఉన్న ఒక్క విషయం పట్టుకోండి.

మన దరఖాస్తుల్లో పాతకాలం నుంచీ వస్తున్న అలవాటు ఒకటుంది: ‘తమరు దయతలచి ఈ అవకాశం ఇప్పిస్తే నా శాయశక్తులా కృషి చేసి తమ మెప్పు పొందగలనని మనవి.’ దీన్ని వదిలేయమని గట్టిగా చెబుతున్నాను. ఇంటి పరిస్థితులు, అప్పులు కూడా అందులో రాయకండి. మీ అవసరం నిజమే, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ చదివేవారు అక్కడ తేల్చుకోవాల్సింది మీరు ఆ పని చేయగలరా లేదా అన్నది. బతిమాలే వాక్యం దానికి జవాబివ్వదు. గౌరవం చూపించడానికి ‘గౌరవనీయులైన’ అన్న సంబోధన, మర్యాదైన ముగింపు సరిపోతాయి.

‘నాకు అనుభవం లేకపోయినప్పటికీ’ అని ఎక్కడా మొదలుపెట్టకండి. లోపం వెతికి పెట్టడం మీ పని కాదు. చదువులో ఒక ఏడాది ఖాళీ ఉంటే, కారణం, అది తీరిపోయిందన్న సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగండి. పాత యజమాని మీద ఫిర్యాదు వద్దు. జీతం వాళ్లు అడిగితేనే రాయండి, అడిగినప్పుడు మాత్రం దాటేయకండి. చివరి పేరాలో ఎప్పటి నుంచి చేరగలరో, షిఫ్టులకు సిద్ధమో కాదో, ఏ ఫోన్ నంబరులో దొరుకుతారో చెప్పి ముగించండి.

ఆకారం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. ఏ4 కాగితం ఒక్క పేజీ, మూడు నాలుగు పేరాలు, చుట్టూ సుమారు 2.5 సెంటీమీటర్ల అంచు, 11 లేదా 12 సైజు అక్షరాలు. పైన మీ పేరు, ఫోన్, మెయిల్, తేదీ, తరవాత వాళ్ల చిరునామా, ‘విషయం’ అన్న ఒక వరుస. ప్రకటన ఏ భాషలో ఉందో ఆ భాషలో రాయండి. తెలుగులో రాస్తే యూనికోడ్ ఫాంటే వాడండి. పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. పీడీఎఫ్‌గా మార్చి, వేరే ఫోన్‌లో ఒకసారి తెరిచి చూసుకుని పంపండి.

దరఖాస్తులను మొదట సాఫ్ట్‌వేరుతో వడపోసే సంస్థలూ ఉన్నాయి. కాగితం మీద రాసి ఫోన్‌తో ఫొటో తీసి పంపితే, అందులోని అక్షరాలు దానికి అందకపోవచ్చు. ప్రకటన ‘ఇన్వెంటరీ’ అంటే మీరూ ఇన్వెంటరీ అనే రాయండి. వెబ్‌సైటులో గడిలో రాయమంటే ముందు నోట్‌ప్యాడ్‌లో రాసి అతికించండి. గడికి అక్షరాల పరిమితి ఉంటే చివరి పేరా తెగిపోతుంది, పంపేముందు చివరిదాకా చూసుకోండి.

మెయిల్‌లో పంపేటప్పుడు జరిగే తప్పులు మూడు నాలుగే, కానీ అవే ముంచుతాయి. ఫైలు జతచేయడం మర్చిపోతారు. పోయినసారి రాసిన సంస్థ పేరు ఒక చోట అలాగే ఉండిపోతుంది. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పుతుంది. ఫైలు పేరు ‘ఫైనల్2’ అని వెళ్తుంది. దీనికి ఉపాయం వరుస మార్చడమే: ముందు ఫైలు జతచేయండి, తరవాత నాలుగు వరుసలు రాయండి, అవతలివారి మెయిల్ చిరునామా అన్నిటికన్నా చివర నింపండి. అప్పుడు పొరపాటున సగంలో నొక్కినా ఎక్కడికీ వెళ్లదు. ఫైలుకు మీ పేరు, ఉద్యోగం పేరు పెట్టండి.

ఉత్తరం పూర్తయ్యాక ఒక రాత్రి పక్కన పెట్టండి. తెల్లారి పైకి గట్టిగా చదవండి. ఎక్కడ ఊపిరి ఆగిందో అక్కడ వాక్యాన్ని రెండు చేయండి. తరవాత ఇంకొకరి చేత పేర్లు, అంకెలు మాత్రం చూపించుకోండి. మన కళ్లు మన తప్పులను సరిచేసుకుని చదివేస్తాయి కాబట్టి ఇది మనవల్ల కాదు.

చాట్‌బాట్ చేత రాయించుకోవచ్చా అని మీరు అడుగుతారు. అక్షర దోషాలు చూపించమనండి, పొడవు తగ్గించమనండి, మంచిదే. మొత్తం రాయమంటే మాత్రం మీరు చేయని పనిని కూడా చేసినట్టు రాసే ప్రమాదం ఉంది, ‘సంస్థ పేరు ఇక్కడ’ అన్న ఖాళీలూ అలాగే మిగిలిపోతాయి. మీ 840 వస్తువుల సంగతి మీరు చెప్పకపోతే దానికి తెలియదు.

మొదటి ఉత్తరానికి మూడు గంటలు పడితే కంగారుపడకండి. రుజువుల కాగితం దాచుకుంటే తరవాతి ఉత్తరాలకు అందులో సగం కూడా పట్టదు. ఒక్కోటి పంపగానే తేదీ, ఉద్యోగం, పంపిన ఉత్తరం నకలు ఒక చోట పెట్టుకోండి. ప్రకటన పూర్తి పాఠం కూడా దాచుకోండి, గడువు దాటాక వెబ్‌సైటు నుంచి తీసేస్తారు. గడువు ముగిసిన పది రోజులకు కబురు లేకపోతే, దరఖాస్తు అందిందా అని మూడు వరుసల మెయిల్ ఒక్కసారి రాయండి. మూడు వారాల తరవాత ఎప్పుడో ఫోన్ మోగుతుంది, ‘మీరు రాసిన ఆ రిజిస్టరు గురించి చెప్పండి’ అంటారు. అప్పుడు ఏ ఉత్తరంలో ఏం రాశారో వెంటనే తెరిచి చూసుకునేలా ఆ ఫైలు ఫోన్‌లోనే పెట్టుకోండి.

ఇట్లు,
మీ పెదనాన్న