కంప్యూటరుకూ పళ్లు చూడాలి

చిరంజీవులైన పిల్లలకు,

కర్నూలు నుంచి తాత ఆశీస్సులు. ఇక్కడ మేమంతా క్షేమం. ఎండలు అప్పుడే మాడు పగలగొడుతున్నాయి. మధ్యాహ్నం గడప దాటలేక ఈ ఉత్తరం పట్టుకుని కూర్చున్నాను.

ఆదోనిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి ఒక ప్రశ్న పంపింది. "తాతయ్యా, సెలవుల్లో కంప్యూటరు కొనిస్తానని నాన్న మాటిచ్చాడు. ఎక్కువ డబ్బు మాత్రం పెట్టలేనన్నాడు. అంగట్లో రెండు చూశాం. ఒకటి ఐ5. అద్దాల డబ్బా, లోపల రంగురంగుల లైట్లు తిరుగుతున్నాయి. ఇంకొకటి ఐ3. నల్లటి చిన్న డబ్బా, ఏదో ఆఫీసులో వాడి తీసేసిందట. ధర రెండింటికీ దాదాపు ఒకటే. అంగడాయన ఐ5 తీసుకోమంటున్నాడు. మూడు కన్నా ఐదు పెద్దదే కదా, అయినా నాకెందుకో అనుమానంగా ఉంది."

అనుమానం వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే తల్లీ. మిగతా సగం చెబుతాను. అందుకు ముందుగా మనం ఎద్దుల సంతకు పోయి రావాలి.

మీ ఈడులో ఉన్నప్పుడు మా జేజినాయన నన్ను ఎద్దుల బేరాలకు వెంటబెట్టుకుని పోయేవాడు. మాది నల్లరేగడి సేద్యం. ఎమ్మిగనూరు జాతర సమయంలో పెద్ద పశువుల సంత జరిగేది. కొమ్ములకు రంగులు, కొనలకు ఇత్తడి కుప్పెలు, మెడలో గంటలు, నుదుట కుచ్చులు! నేను నోరు తెరుచుకుని వాటినే చూస్తూ నిలబడేవాణ్ణి. జేజినాయన కొమ్ముల వైపు కన్నెత్తి కూడా చూసేవాడు కాదు. నేరుగా పోయి ఎద్దు కింది పెదవి లాగి పళ్లు లెక్కపెట్టేవాడు. పశువులకు పై దవడలో ముందు పళ్లు ఉండవు, మీలో ఎంతమందికి తెలుసు? ఈసారి పాలు పోసేవాళ్ల ఇంటికి పోయినప్పుడు గమనించండి. సుమారు రెండేళ్లకు పాలపళ్లు రాలి రెండు పెద్ద పళ్లు వస్తాయి. తర్వాత నాలుగు, ఆరు. నాలుగేళ్లు దాటేసరికి ఎనిమిదీ వచ్చేస్తాయి. అమ్మేవాడు వయసు ఎంతైనా చెప్పుకోవచ్చు, పళ్లు అబద్ధం చెప్పవు. ఇక ధర దగ్గర నోటిమాట ఉండదు. చేతుల మీద తువ్వాలు కప్పి, దాని కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. ఒకసారి తువ్వాలు కింద ఏం జరుగుతోందో చూద్దామని తల దూర్చబోతే దళారి ఠక్కున మొట్టికాయ వేశాడు.

కంప్యూటరుకూ పళ్లుంటాయి. లోపల పనంతా చేసే చిప్పును ప్రాసెసరు అంటారు, దాని పేరులోనే అవి ఉంటాయి. మన ఆదోని అమ్మాయి తెలివైనది, రెండింటి పూర్తి పేర్లూ చీటీ మీద రాసుకొచ్చింది. లైట్ల డబ్బాలో ఉన్నది ఐ5-3470. నల్ల డబ్బాలో ఉన్నది ఐ3-8100. గీత తర్వాత నాలుగు అంకెలుంటే వాటిలో మొదటిది తరం. కాబట్టి లైట్ల డబ్బాది మూడో తరం, 2012లో వచ్చింది. నల్ల డబ్బాది ఎనిమిదో తరం, 2017 నాటిది. గీత తర్వాత అయిదు అంకెలుంటే మొదటి రెండూ కలిపి చదవాలి. ఐ3-12100 అంటే పన్నెండో తరం, 2022 సరుకు. ఎద్దుకు పళ్లు పెరిగితే వయసు పెరిగినట్టు, ఇక్కడ అంకె పెరిగితే వయసు తగ్గినట్టు. అక్కడొక్కచోట నా పోలికను తలకిందులు చేసుకోండి.

ఐ5 అన్నది ఇంటిపేరు లాంటిది. ఆ ఇంట్లో తాతా ఉంటాడు, మనవడూ ఉంటాడు. ఆ రెండు డబ్బాల్లోనూ ప్రాసెసరు లోపల పనిచేసే భాగాలు, అంటే కోర్లు, నాలుగేసి. తర్వాత పుట్టినదానిదే పైచేయి. ఇంకో సంగతి కూడా ఉంది. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే, ఏవో కొద్ది మినహాయింపులు తప్ప, ఈ ఐ3, ఐ5లను చేసే ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో ఎనిమిదో తరమో ఆ పైదో ఉండాలని మైక్రోసాఫ్ట్ షరతు పెట్టింది. ఐ3-8100 ఆ గడప దాటుతుంది, ఐ5-3470 దాటదు. అందుకే తల్లీ, నల్ల డబ్బా తీసుకో. లైట్లు కొమ్ముల రంగే.

ఆఫీసులో వాడినదని చిన్నబుచ్చుకోవద్దు. హైదరాబాదు, బెంగళూరుల్లో పెద్ద కంపెనీలు కొన్నేళ్లకోసారి కంప్యూటర్లన్నీ మార్చేస్తాయి. తీసేసినవాటిని శుభ్రం చేసి మళ్లీ అమ్ముతారు. ఆ రెండు ఊళ్లనూ కలిపే 44వ జాతీయ రహదారి మన కర్నూలు మీదుగానే పోతుంది. పగలంతా లెక్కలు రాయడానికి, ఉత్తరాలు పంపడానికి చేసిన యంత్రాలు అవి, మీ చదువు పనులకు సరిగ్గా సరిపోతాయి. మా జేజినాయన సుడులు కూడా చూసేవాడు. ఫలానా చోట సుడి ఉంటే ఆ ఎద్దు ఇంటికి అచ్చిరాదట. కంపెనీ పేర్ల మీద పెద్దవాళ్లకు అలాంటి పట్టింపులే ఉంటాయి. డెల్, హెచ్‌పీ, లెనోవో, వీటిలో ఏదైనా ఆఫీసు రకమైతే గట్టిగానే ఉంటుంది. సుడులు వెతకకండి.

మరి ఆటల సంగతేమిటని అబ్బాయిలు అడుగుతారు. మన జిల్లాలో బండలాగుడు పోటీలు చూశారుగా? ఆ ఎద్దుల సంగతే వేరు. వాటికి ఉలవలు పెట్టాలి, విడిగా మనిషిని పెట్టాలి, ఏడాదంతా మేపాలి. పెద్ద పెద్ద ఆటలు ఆడే కంప్యూటరూ అంతే. తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు విడిగా కావాలి, దానికి పెద్ద పవర్ సప్లై కావాలి, కరెంటు బిల్లూ పెరుగుతుంది. మనకు కావలసింది సేద్యపు ఎద్దు. చిన్న చిన్న ఆటలు దీని మీదా నడుస్తాయి, ఆడుకోండి, నేనేమీ కాదనను.

ఇక ర్యామ్. ఎద్దు ముందు గాడి ఉంటుంది, పెరట్లో గడ్డివామి ఉంటుంది. ర్యామ్ గాడి లాంటిది, ఇప్పుడు నమిలే మేత అందులో ఉంటుంది. ఫైళ్లన్నీ దాచే డిస్కు వామి. గాడి చిన్నదైతే మాటిమాటికీ వామి దగ్గరికి పరుగెత్తాలి. కంప్యూటరు ఆగి ఆగి నడవడానికి చాలాసార్లు కారణం ఇదే. 8 జీబీ లేకుండా తీసుకోవద్దు, 16 అయితే మేలు. వామి కూడా పాతకాలపు హార్డ్‌డిస్కు అయితే వద్దు. అందులో పళ్లేలు నిమిషానికి 5,400 సార్లో 7,200 సార్లో తిరుగుతుంటాయి, వాటి మీద ఒక ముల్లు ఇటూ అటూ వెతుకుతుంటుంది. కొత్త రకం డిస్కును ఎస్‌ఎస్‌డీ అంటారు. అందులో తిరిగేదేమీ లేదు, అడిగిన మేత అడిగినంతలో గాడిలో పడుతుంది. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ చాలు. ముసలి ప్రాసెసరుకు కూడా ఎస్‌ఎస్‌డీ పెడితే నడక మారిపోతుంది.

ఇక్కడ ఎద్దు నన్ను వదిలేస్తోంది. కాలు కుంటిదైన ఎద్దుకు కొత్త కాలు పెట్టలేం. డెస్క్‌టాప్‌కు పెట్టొచ్చు. ఈ ఏడాది 8 జీబీతో కొని, వచ్చే ఏడాది ఖాళీ అరలో ఇంకో 8 పెట్టుకోవచ్చు. అందుకే ల్యాప్‌టాప్ కన్నా డెస్క్‌టాప్ కొనమని చెబుతాను. పిల్లలు మూత తీసి లోపల చూడగలిగిన వస్తువు ఇంట్లో ఒకటైనా ఉండాలి. యూపీఎస్‌కైతే ఎద్దులో పోలికే దొరకలేదు, మామూలుగానే చెబుతాను. 600 వీఏది చిన్నది ఒకటి కొనండి. కరెంటు పోతే పని దాచుకుని సక్రమంగా ఆపడానికే అది, ఆట ముగించడానికి కాదు.

డబ్బు మిగిలితే తెర మీద పెట్టమనండి. 1920×1080 చుక్కలుండే 22 అంగుళాల తెర అయినా మీ కళ్లకు హాయి. పాత తెర కొంటే, మొత్తం తెల్లగా ఉండే పేజీ ఒకటి తెరిపించి గీతలు, మచ్చలు ఉన్నాయేమో చూడండి.

అంగట్లో సిగ్గుపడకుండా చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. జేజినాయన ఎద్దును నడిపించి, బండికి కట్టి చూడనిదే డబ్బు లెక్కపెట్టేవాడు కాదు. మీరూ ఆన్ చేయించండి. ఫ్యాను చప్పుడు వినండి, గరగరమంటే మార్చి ఇవ్వమనండి. ఆపించి, ప్లగ్గు పూర్తిగా తీయించి, మళ్లీ పెట్టించి తేదీ చూడండి. ఎన్నో ఏళ్లు వెనక్కి పోయిందంటే లోపల రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయిందని అర్థం. అది చవకే, అక్కడే మార్పించుకోండి. ఆఫీసు డబ్బాల్లో చాలావాటికి వైఫై ఉండదు, చిన్న యూఎస్‌బీ ముక్క విడిగా కొనాలి. కొన్నింటికి తెర వైరు తగిలించే హెచ్‌డీఎంఐ సందు కూడా ఉండదు, డిస్‌ప్లేపోర్ట్ ఉంటుంది. మీ తెరకు ఏ వైరు పడుతుందో ఇంటికి పోకముందే చూసుకోండి. బిల్లు, వారంటీ కాగితం తీసుకోకుండా బయటికి రావద్దు.

దొంగ విండోస్ వేసిస్తామంటే వద్దనండి. డబ్బు లేదని దొంగ సరుకు వాడనక్కర్లేదు. విండోస్‌కు బదులు వాడుకునే లినక్స్ రకాలు లినక్స్ మింట్, ఉబుంటు ఉచితం. ఉత్తరాలకు, లెక్కలకు లిబ్రేఆఫీస్ ఉచితం, ప్రోగ్రాములు రాయడం నేర్చుకునే స్క్రాచ్ ఉచితం, చిన్న తమ్ముళ్లు బొమ్మలు గీసుకునే టక్స్ పెయింట్ కూడా ఉచితమే. విండోస్ 11 గడప దాటలేని పాత డబ్బాలు సైతం లినక్స్ మీద చక్కగా నడుస్తాయి. తెలుగు అక్షరాలు కొట్టే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పెట్టుకుని నాకు తెలుగులో ఉత్తరం రాయండి, నా దస్తూరీ కన్నా బాగుంటుంది.

తెచ్చాక నేల మీద పెట్టవద్దు. మన ఊళ్ల దుమ్మంతా ఫ్యాను లోపలికి లాగేస్తుంది. చిన్న ముక్కాలి పీట వేయండి, గోడకు జానెడు దూరం ఉంచండి. దుమ్ము పడుతుందని మీ అమ్మ పూల గుడ్డ కప్పుతుంది. ఆపేశాకే కప్పమని చెప్పండి. నడుస్తున్నప్పుడు కప్పితే మన వేసవిలో అది ఉడికిపోతుంది. ఇంకో మాట, దాన్ని నడింట్లో పెట్టండి, పడకగదిలో వద్దు. ఫోనయితే గుప్పిట్లో దాగుతుంది. నడింట్లో కంప్యూటరుంటే చెల్లి వచ్చి వెనకాల నిలబడుతుంది, అవ్వ వచ్చి ఇదేమిటని అడుగుతుంది. చెప్పేటప్పుడే మీకు సరిగ్గా అర్థమవుతుంది.

లోపల ఆ చిప్పు ఎలా ఆలోచిస్తుందని మరో అబ్బాయి అడిగాడు. దాన్ని వివరించడం నా తరం కాదు. ఒక్క లెక్క మాత్రం చెబుతాను. ఐ3-8100 వేగం 3.6 గిగాహెర్ట్జ్, అంటే సెకనుకు 360 కోట్ల దరువులు. వెలుగు సెకనుకు సుమారు మూడు లక్షల కిలోమీటర్లు పోతుందని చదువుకున్నారుగా? ఆ చిప్పు ఒక దరువు వేసి మరో దరువు వేసేలోపు అంత వేగంగా పోయే వెలుగు కూడా ఎనిమిది సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, అంటే సుమారు బెత్తెడు దూరమే పోగలదు. నమ్మకపోతే భాగహారం చేయండి. నేను రెండుసార్లు చేసి చూశాను, అయినా నమ్మబుద్ధి కావడం లేదు.

సెలవులు ఇవ్వకముందే మీ బడి కంప్యూటరు గదిలో ఒక పని చేయండి. మాస్టారిని అడిగి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కండి. తెరుచుకున్న పట్టికలో పెర్ఫార్మెన్స్ అన్నచోట నొక్కితే గ్రాఫు గీత ఒకటి కదులుతూ కనిపిస్తుంది. దాని పైన కుడివైపు ప్రాసెసరు పూర్తి పేరు, ఎడమవైపు డిస్కు హెచ్‌డీడీయో (అంటే పాతకాలపు హార్డ్‌డిస్కు) ఎస్‌ఎస్‌డీయో రాసి ఉంటాయి. ఒక వీడియో పెట్టి ఆ గీత ఎంత ఎత్తుకు లేస్తుందో చూడండి. తర్వాత ప్రాసెసరు పేరు చదివి, మీ బడి కంప్యూటరుది ఏ తరమో లెక్కగట్టి నాకు రాయండి.

మీ తాత