విదేశీ ఎంబీబీఎస్ నుంచి స్వదేశీ కళాశాలకు బదిలీ: అపోహలు - వాస్తవాలు

వైద్య కళాశాల అకడమిక్ విభాగంలో పనిచేసే నా బల్ల మీదికి ఏటా ఒకే తీరు ఫైలు ఒకటి రెండైనా వస్తాయి. లోపల రష్యన్ లిపిలో మార్కుల జాబితాలు, వాటి మీద గుండ్రటి నీలి ముద్రలు, నోటరీ చేయించిన ఇంగ్లీషు అనువాదాలు ఉంటాయి. అన్నింటికీ పైన తండ్రి చేతిరాతతో ఒక అర్జీ ఉంటుంది. మొన్న ఖమ్మం నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కుర్చీ అంచున కూర్చుని, "మా అమ్మాయి అక్కడ రెండేళ్లు పాసైంది సార్, ఇక్కడ మూడో ఏడాదిలో వేసుకోండి, డొనేషన్ సంగతి నేను చూసుకుంటాను" అన్నారు. పంపేటప్పుడే ఏజెంటు ఈ మాట ఇచ్చాడట. ఇలాంటి మాటలు నమ్మి వచ్చేవారికి నేను చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ప్రైవేటు కళాశాలలో సీటు ఖాళీగా ఉంటే, యాజమాన్యం ఒప్పుకుంటే, మధ్యలో చేరవచ్చు.

వాస్తవం: ఏ కళాశాల యాజమాన్యానికీ ఆ అధికారం లేదు. మేనేజ్‌మెంట్ కోటా అయినా, ఎన్నారై కోటా అయినా నీట్ ర్యాంకు ఆధారంగానే భర్తీ కావాలి. తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం నిర్వహించే కౌన్సెలింగ్ ద్వారా, అదీ మొదటి ఏడాదికి మాత్రమే. ఆ దారిన రాని విద్యార్థి పేరు విశ్వవిద్యాలయం జాబితాలోకి ఎక్కదు, పరీక్షకు హాల్‌టికెట్ రాదు. 1997 నాటి వైద్యవిద్య నిబంధనల్లో మైగ్రేషన్ అనే వెసులుబాటు ఉన్న మాట నిజమే గాని, అది దేశంలోని గుర్తింపు పొందిన ఒక కళాశాల నుంచి మరొకదానికి, మొదటి ప్రొఫెషనల్ పరీక్ష గట్టెక్కాక, మొత్తం సీట్లలో 5 శాతానికి మించకుండా ఇచ్చినది. విదేశీ విద్యార్థుల ప్రస్తావన అందులో లేనేలేదు. 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనలు ఆ దేశీయ మైగ్రేషన్‌ను కూడా నిషేధించాయి.

అపోహ: ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లలకు బదిలీ ఇచ్చారు కదా, మాకెందుకు ఇవ్వరు?

వాస్తవం: ఇవ్వలేదు. నాతో ఎక్కువమంది వాదించేది ఈ విషయం మీదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలై వేల మంది వైద్య విద్యార్థులు ఇళ్లకు చేరాక, మార్చిలో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్, రాష్ట్రానికి తిరిగి వచ్చిన 700 మందికి పైగా విద్యార్థుల చదువు ఖర్చు ప్రభుత్వమే భరిస్తుందని శాసనసభలో ప్రకటించారు. ఆ మాటను చాలా ఇళ్లలో ఇక్కడే సీటు ఇస్తారన్నట్టు అర్థం చేసుకున్నారు. అయితే ఆ సెప్టెంబరులో కేంద్రం, 1956 నాటి వైద్య మండలి చట్టంలో గాని, 2019 నాటి కమిషన్ చట్టంలో గాని విదేశీ కళాశాల నుంచి ఇక్కడికి బదిలీ చేసే వీలు లేదని సుప్రీంకోర్టుకు స్పష్టంగా చెప్పింది. అదే నెలలో కమిషన్ అంగీకరించిన అకడమిక్ మొబిలిటీ కార్యక్రమం కూడా మరో దేశపు విశ్వవిద్యాలయంలో చదువు కొనసాగించడానికే. పట్టా మాత్రం ఉక్రెయిన్‌లోని మాతృ విశ్వవిద్యాలయమే ఇవ్వాలి. 2023 మార్చిలో, తిరిగి వచ్చిన చివరి ఏడాది విద్యార్థులకు, ఇక్కడి ఏ కళాశాలలోనూ చేరకుండానే ఎంబీబీఎస్ పార్ట్-1, పార్ట్-2 పరీక్షలు రాసే అవకాశం ఇచ్చారు; ఆపై రెండేళ్ల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. అది ఒక్కసారికే పరిమితమని, దాన్ని మరొకరు ఉదాహరణగా చూపరాదని అప్పుడే చెప్పారు. అంత పెద్ద విపత్తులోనే తెరుచుకోని తలుపు, హాస్టల్ భోజనం పడలేదన్న అర్జీకి ఎలా తెరుచుకుంటుంది?

అపోహ: ఇండియాకు కాకపోయినా, మరో దేశానికి మారి చదువు పూర్తిచేస్తే చాలు.

వాస్తవం: 2021 నవంబరు 18 తరువాత చేరినవారికి ఇది మరీ ప్రమాదకరమైన సలహా. ఆ రోజు వెలువడిన నిబంధనల ప్రకారం కనీసం 54 నెలల కోర్సు, ఆపై 12 నెలల ఇంటర్న్‌షిప్, రెండూ ఒకే విదేశీ సంస్థలో ఇంగ్లీషు మాధ్యమంలో జరగాలి, చేరిన నాటి నుంచి పదేళ్లలో ముగియాలి. శిక్షణలో ఏ భాగాన్నీ భారతదేశంలో గాని మరో దేశంలో గాని చేయకూడదు. కనుక "చివరి ఏడాది క్లినికల్స్ హైదరాబాద్‌లోనే చేయిస్తాం" అనే ప్యాకేజీ ఎవరైనా అమ్మితే, వారు అమ్ముతున్నది ఇక్కడ చెల్లని పట్టా.

అపోహ: మళ్లీ నీట్ రాసి సీటు తెచ్చుకుంటే, అక్కడ చదివిన ఏళ్లు కలుపుతారు.

వాస్తవం: కలపరు. మొదటి ఏడాది అనాటమీ నుంచే మొదలుపెట్టాలి. అయినా చట్టబద్ధంగా ఇక్కడికి రావడానికి ఉన్న దారి ఇదొక్కటే, గరిష్ఠ వయోపరిమితి కూడా 2022లో తొలగిపోయింది. కిర్గిజ్‌స్తాన్‌లో ఏడాది చదివి, వదిలేసి వచ్చి, తరువాతి నీట్‌లో సీటు తెచ్చుకున్న కుర్రాడు మా దగ్గర ఒకడున్నాడు. మూడో ఏడాదిలో ఉన్నవారికి మాత్రం నేను ఈ మాట చెప్పను.

అపోహ: బదిలీ లేకపోతే అక్కడి పట్టాకు ఇక్కడ విలువ లేనట్టే.

వాస్తవం: నిబంధనలకు లోబడి చదివిన పట్టాతో తిరిగి వచ్చాక, విదేశాల్లో వైద్యం చదివినవారికి పెట్టే ఎఫ్ఎంజీఈ అనే 300 మార్కుల అర్హత పరీక్షలో 150 తెచ్చుకోవాలి. పాసైతే, అక్కడ చేసిన ఇంటర్న్‌షిప్‌కు అదనంగా, ఇక్కడ రాష్ట్ర వైద్య మండలి కేటాయించిన కళాశాలలో మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. దీని కోసం కళాశాలలు తమ సీట్లకు అదనంగా 7.5 శాతం వరకు విదేశీ పట్టభద్రులను తీసుకోవచ్చని 2022లో కమిషన్ ఆదేశించింది. అందుకు ఫీజు వసూలు చేయకూడదనీ, ఇక్కడి ఇంటర్న్‌లకు ఇచ్చే స్టైపెండే వీరికీ ఇవ్వాలనీ ఆ ఆదేశంలోనే ఉంది. ఖమ్మం నుంచి వచ్చిన ఆ తండ్రికి ఈ కాగితం చూపిస్తే, ఇంటర్న్‌షిప్ సీటు కోసమంటూ ఏజెంటు ముందుగానే తీసుకున్న డబ్బు లెక్క నా బల్ల మీదే వేసుకోవడం మొదలుపెట్టారు.