క్యాబిన్ కిటికీలోంచి సినిమా: కొన్ని అపోహలు, వాస్తవాలు

కర్నూలులో ఒక సినిమా హాల్లో ఆపరేటర్‌గా పనిచేస్తున్నాను. రీళ్ళ కాలంలో చేరాను, ఇప్పుడు సర్వర్‌లోంచి బొమ్మ వేస్తున్నాను. ఒకే సినిమాను రోజుకు నాలుగు ఆటలు, వారాల తరబడి చూడాల్సిన ఉద్యోగం మాది. మొదటిరోజు ఊపేసిన సినిమా నాలుగోరోజుకే పల్చబడిపోవడం చూశాను. ఏముందిలే అనుకున్నది ఎన్నిసార్లు వేసినా కిటికీ దగ్గరే నిలబెట్టడమూ చూశాను. జనం నోట తరచూ వినే మాటల్లో నేను ఒప్పుకోలేనివి కొన్ని ఉన్నాయి. వాటి గురించి, సినిమాల మీద నా అభిప్రాయాలు కూడా దాచుకోకుండా రాస్తున్నాను.

అపోహ: సీమ జనానికి సుమోలు లేచి, వేటకొడవళ్ళు దిగితే చాలు.

వాస్తవం: సమరసింహారెడ్డి 1999 సంక్రాంతికి, నరసింహనాయుడు 2001 సంక్రాంతికి వచ్చాయి. ఆది, ఇంద్ర రెండూ 2002లో. ఇవి మా దగ్గర ఎంత ఆడాయో కృష్ణా, గుంటూరు, నైజాంలోనూ అంతే ఆడాయి. ఆ రుచి తెలుగువాళ్ళందరిదీ, పేరు మాత్రం మాకు మిగిలింది. ఆ తర్వాత అదే మూసలో వచ్చిన సినిమాలు ఎన్నో మా హాల్లో రెండో వారం చూడకుండానే వెళ్ళిపోయాయి. కత్తి ఉన్నా కథ లేకపోతే ఇక్కడివాళ్ళూ లేచిపోతారు.

అదే కక్షల నేపథ్యాన్ని 2010లో మర్యాద రామన్న నవ్వులకు వాడుకుంది. దానికి మూలం 1923 నాటి బస్టర్ కీటన్ మూకీ సినిమా అవర్ హాస్పిటాలిటీ. ఇంటికొచ్చిన అతిథి మీద గడప లోపల చెయ్యి వెయ్యకూడదన్న ఒక్క నియమం మీద కథంతా నిలబడింది. గడప దాటకుండా సునీల్ పడే పాట్లకు పెద్దవాళ్ళు, పిల్లలు ఒకేచోట నవ్వడం ఆ సినిమాకు చూసినంతగా ఇంకెక్కడా చూడలేదు. ఫ్యాక్షన్ మీద మా ఊళ్ళలో నవ్వలేరని అనుకునేవాళ్ళు ఆ రోజుల్లో మా హాలుకు వచ్చి ఉండాల్సింది.

అరవింద సమేత (2018) గురించి నా మాట వేరు. మొదటి ఇరవై నిమిషాలు, ఆ కొట్లాట తర్వాత జేజి మాటలు, చివర్లో నిర్ణయం ఆడవాళ్ళ చేతికి వెళ్ళడం, ఇవి నాకు చాలా విలువైనవి. శవం ఇంటికొచ్చాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో అంతకుముందు ఫ్యాక్షన్ సినిమాలు పెద్దగా పట్టించుకోలేదు. మధ్యలో హైదరాబాద్ ప్రేమకథ మాత్రం సడలిపోయింది. ఆ భాగంలో హాల్లో ఫోన్లు వెలిగేవి. పై నుంచి చూసేవాడికి ఫోను వెలుతురును మించిన సమీక్ష లేదు.

ఇంకో సంగతి. సీమ అంటే కత్తే అనేవాళ్ళు తెలుగు సినిమా పునాదుల వైపు ఒకసారి చూడాలి. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన కె.వి.రెడ్డి అనంతపురం జిల్లా తాడిపత్రివారు. మల్లీశ్వరి తీసిన బి.ఎన్.రెడ్డి, విజయా సంస్థను నడిపిన నాగిరెడ్డి కడప జిల్లా అన్నదమ్ములు. పాండవులను ఒక్కసారి కూడా తెరమీదికి తేకుండా పాండవుల ఇంటి పెళ్ళి కథ చెప్పిన మాయాబజార్ (1957) తీసింది మా మట్టిమనిషి. 2010లో దానికి రంగులు వేసి విడుదల చేశారు. నేను నలుపు తెలుపుల వైపే. కెమెరామన్ మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడలతో కట్టిన మాయలో రంగులు వేశాక లోతు తగ్గింది.

అపోహ: గట్టిగా అరిస్తే అది సీమ యాస.

మా కర్నూలు మాట, కడప మాట, అనంతపురం మాట ఒకటి కాదు. ఆదోని వైపు, హిందూపురం వైపు కన్నడం కలుస్తుంది, కర్నూలు పాతబస్తీలో ఉర్దూ కలుస్తుంది. సిరివెళ్ళలో పుట్టిన నటుడు జయప్రకాశ్ రెడ్డిగారిని గమనించండి. సమరసింహారెడ్డిలో ఆయన భయపెట్టింది గొంతు పెంచి కాదు, తాపీగా సాగదీసి మాట్లాడి. ఆయన తర్వాత వచ్చినవాళ్ళు చాలామంది అరుపునే పట్టుకున్నారు, ఆ తాపీని వదిలేశారు.

ఒక్కడు (2003) గురించి కూడా చెప్పాలి. కొండారెడ్డి బురుజు తెరమీదికి రాగానే మా ఊళ్ళో లేచిన ఈల ఊరి మీది ప్రేమే, అందులో అనుమానం లేదు. కానీ బురుజు దగ్గరి ఆ ఫైటు అన్ని ఊళ్ళలోనూ ఎందుకు పనిచేసిందంటే, విలన్ సొంత ఊరి నడిమధ్యలో, అందరూ చూస్తుండగా జరుగుతుంది కాబట్టి. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎటు పారిపోవాలో చూసేవాడికి స్పష్టంగా తెలుస్తుంది. ఇప్పటి ఫైట్లలో కట్‌లు ఎక్కువై ఎవడు ఎవణ్ణి కొట్టాడో అర్థం కావడం లేదు.

అపోహ: బొమ్మ మసకగా ఉంటే తప్పు కెమెరామన్‌ది. మాట వినబడకపోతే తప్పు సౌండ్ ఇంజనీర్‌ది.

ఇది నన్ను అన్నిటికన్నా బాధపెట్టే అపోహ, ఎందుకంటే చాలాసార్లు తప్పు మా వైపే ఉంటుంది. తెరమీద వెలుతురు 14 ఫుట్‌ల్యాంబర్ట్‌లు (తెర వెలుగును కొలిచే లెక్క) ఉండాలన్నది ప్రమాణం. ప్రొజెక్టర్‌లో జినాన్ ల్యాంపు వాడేకొద్దీ కాంతి తగ్గుతుంది. గంటలు నిండినా ఖర్చుకు వెనకాడి మార్చకపోతే రాత్రి సన్నివేశాలన్నీ బురదలా కనబడతాయి. క్యాబిన్ గాజు మీద దుమ్ము పేరుకున్నా అంతే. త్రీడీ కోసం వేసిన వెండి పూత తెర మీద మామూలు సినిమా వేస్తే నడుమ మెరుస్తుంది, పక్కలు చీకటిగా ఉంటాయి. త్రీడీ అద్దాలు పెట్టుకుంటే సగానికి పైగా వెలుతురు పోతుంది.

శబ్దం సంగతీ అంతే. సినిమా మిక్సింగ్ చేసేటప్పుడు డాల్బీ ప్రాసెసర్‌లో ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) 7 దగ్గర ఉంటుందని లెక్క. హాళ్ళలో దాన్ని తగ్గిస్తారు. హీరో వచ్చేటప్పుడు మోత ఎక్కువైందని ఒకరు ఫిర్యాదు చేస్తే మొత్తం దించేస్తారు, అప్పుడు మెల్లగా మాట్లాడుకునే సన్నివేశాలు మునిగిపోతాయి. మాటలు ఎక్కువగా తెర వెనక నడిమి స్పీకర్లోంచే వస్తాయి. అది పాడైతే పాటలు బాగానే వినబడతాయి, మాటలు మాత్రం ఎక్కడో దూరంగా ఉంటాయి. అలాంటి హాల్లో చూసి సినిమా బాలేదనేవాళ్ళను నేను తప్పుపట్టను. ఇంకోచోట మళ్ళీ చూడమని మాత్రం అడుగుతాను.

అపోహ: ఆపరేటర్ పాటలు కత్తిరిస్తాడు.

రీళ్ళ రోజుల్లో కొన్ని హాళ్ళలో అది జరిగింది. డిజిటల్‌లో సినిమా తాళం వేసిన ఫైలుగా వస్తుంది, ఏ రోజు నుంచి ఏ రోజు వరకు తెరుచుకోవాలో తాళంచెవిలోనే ఉంటుంది. రెండో వారంలో నిడివి తగ్గిందంటే అది నిర్మాత చేసిన పని.

ఎ సర్టిఫికెట్ అంటే బూతు అనుకోవడం కూడా తప్పే. హింసకూ ఇస్తారు. 2024 నుంచి యూఏను 7, 13, 16 ఏళ్ళు అని మూడుగా విడగొట్టారు. పిల్లలతో వచ్చేవాళ్ళు పోస్టర్ మీద ఆ అంకె చూసి టికెట్ తీసుకోండి.

అపోహ: సీరియళ్ళు ఆడవాళ్ళ కాలక్షేపం.

కార్తీక దీపం నడిచిన రోజుల్లో మా హాలు స్టాఫులో మగవాళ్ళే దాన్ని ఫోన్లో చూసేవాళ్ళు. 2017లో మొదలైన ఆ సీరియల్‌కు మూలం మలయాళం కరుత్తముత్తు. రెండింటిలోనూ నాయిక ప్రేమి విశ్వనాథ్. రంగు తక్కువని చిన్నచూపు చూడబడిన మనిషిని నాయికగా నిలబెట్టిన మొదటి భాగం నిజంగా మంచి రచన. తర్వాత, డాక్టరైన భర్త ఒక్క పరీక్ష చేయించుకుంటే తీరిపోయే, భార్య మీది అనుమానాన్ని ఏళ్ళ తరబడి లాగడం చూసేవాళ్ళకు అన్యాయం. రేటింగులు వారం వారం వస్తాయి, అవి కూడా మీటర్లు పెట్టిన కొన్ని ఇళ్ళ లెక్కే. అంకె నిలబడినంత కాలం కథ ముగించమని ఎవరూ అడగరు.

అమృతం (2001–2007) మాత్రం నాకు ఇప్పటికీ కొలమానం. అమృతరావు పాత్రకు నటులు మారిపోయారు, అయినా జనం చూడడం మానలేదు. పాత్ర రాతలో ఉంది కాబట్టి ఎవరు వచ్చినా నిలబడింది. ఆంజనేయులుగా గుండు హనుమంతరావుగారు మొదటినుంచి చివరిదాకా ఉండడం ఇంకో బలం.

అపోహ: మొదటి ఆట అరుపులే తీర్పు.

తెల్లవారుజాము ఆటలో అరుపు హీరోకు, సినిమాకు కాదు. నేను నమ్మేది రెండో సోమవారం మ్యాట్నీని. ఆ ఆటకు వచ్చేవాళ్ళు ఎవరో చెబితే విని వచ్చినవాళ్ళు. ఇంటర్వెల్ అయ్యాక బెల్లు కొట్టకముందే సీట్లలో కూర్చున్నారంటే ఆ సినిమా నిలబడినట్టే.

బొమ్మ మసకగా ఉన్నా, మాట వినబడకపోయినా ఇంటర్వెల్‌లో మేనేజర్ దగ్గరికి వెళ్ళి చెప్పండి, ఏ వరుసలో కూర్చున్నారో కూడా చెప్పండి. ప్రేక్షకుడు అడిగితే కొత్త ల్యాంపు తొందరగా వస్తుంది. మేము అడిగితే చాలాసార్లు రాదు.